ఇంజన్ ఆపి అడగండి

రేణిగుంట రోడ్డులో ఒక పెట్రోలు బంకులో 1989లో గన్ను పట్టాను. 2021లో అదే బంకు నుంచి మేనేజరుగా ఇంటికొచ్చాను. ఈ శీర్షికకు మామూలుగా మైలేజీ, టైర్లు, బ్యాటరీల ఉత్తరాలు వస్తాయి. ఎండలు ముదిరాయి గనక ఈ నెల వచ్చినవాటిలో సగం నిప్పు గురించే. మైలేజీవాళ్లు వచ్చే నెల దాకా ఓపిక పట్టాలి.

ప్రశ్న: అన్నా, నేనూ మా ఆయనా నాలుగేళ్ల పాపా బండి మీద బంకుకు పోతే అక్కడి అబ్బాయి ముగ్గురినీ దిగమంటాడు. మా ఆయనేమో "వంద రూపాయల పెట్రోలుకు ఇంత హంగామానా" అని సీటు మీదే కూర్చుంటాడు. ఎండలో పాపను దింపడం నిజంగా అవసరమా?
– ఒక పాఠకురాలు, కట్టమంచి, చిత్తూరు

జవాబు: దిగాలమ్మా. ముగ్గురూ దిగాలి. వందకైనా అంతే, యాభైకైనా అంతే.

మీ ఆయనకు నా ఎడమ చెయ్యి చూపించాలని ఉంది. మణికట్టు నుంచి మోచేతి దాకా చర్మం ముడతలు పడి ఉంటుంది. 1993 ఎండాకాలం. అప్పట్లో టూ స్ట్రోక్ బళ్లు ఎక్కువ, పెట్రోలులో ఆయిల్ కలిపి పోసేవాళ్లం. కొండ దిగి నేరుగా మా బంకుకు వచ్చింది ఒక జంట. ఘాట్ రోడ్డు దిగిన బండి, ఇంజన్ సలసల కాగుతోంది. ఆపమన్నాను. "ఆపితే మళ్లీ కిక్కుకు రాదబ్బా, కొట్టు" అన్నాడాయన. నాకు ఇరవై రెండేళ్లు, వెనక పది బళ్లు హారన్ కొడుతున్నాయి. కొట్టేశాను. ఫుల్ చేయమన్నాడు, చేశాను. మూతి దాకా వచ్చిన పెట్రోలు పొర్లి ట్యాంకు పక్క నుంచి ఇంజన్ మీదికి జారింది. ప్లగ్గు క్యాపు వదులుగా ఉంది, దాని దగ్గర నిప్పురవ్వ ఎగురుతోంది. భగ్గుమంది.

వెనక కూర్చున్నామె ఒక పక్కకు కాళ్లు పెట్టుకుని ఉంది గనక దూకేసింది. ఆయనకు ట్యాంకు రెండు తొడల మధ్యలో ఉంది. దిగాలంటే కాలు మంట మీదుగా తిప్పాలి. బండిని వదిలేస్తే మీద పడుతుంది. సీటు మీద కూర్చున్నవాడి కష్టం ఇదేనమ్మా. నేను చేసిన తెలివితక్కువ పని ఇంకొకటి ఉంది, దాన్ని కింద ఇంకో జవాబులో చెప్తాను. మా సీనియరు ఒకాయన తడి గోనెసంచి తెచ్చి కప్పి, ఇసుక బకెట్లు కుమ్మరించి ఆర్పాడు. ఆ కస్టమరు తొడలకు కాలిన గాయాలతో బయటపడ్డాడు. నాకు చెయ్యి కాలింది.

ఇక పాప సంగతి. మండేది కంటికి కనపడే పెట్రోలు కాదు, దాని ఆవిరి. నీళ్లు గడ్డకట్టే చలికి ఇంకో నలభై డిగ్రీలు కిందికి పోయినా, పెట్రోలు అంటుకునేంత ఆవిరి వదులుతూనే ఉంటుంది. మన చిత్తూరు ఎండలో సంగతి వేరే చెప్పాలా? ఆ ఆవిరి గాలి కంటే మూడు నాలుగు రెట్లు బరువు. పైకి పోదు, నీళ్లలాగా కిందికి జారి నేల మీద పాకుతుంది. నాలుగేళ్ల పిల్ల ముక్కు ఎంత ఎత్తులో ఉంటుందో మీకే తెలుసు. కాబట్టి పాపను దింపి బండి పక్కనే నిలబెట్టొద్దు. చెయ్యి పట్టుకుని పది అడుగులు అవతలికి తీసుకుపోండి. నీడ ఉంటే ఇంకా మంచిది. మీ ఆయన ఒక్కడే బండి దగ్గర నిలబడి మీటరు చూసుకుంటాడు.

ప్రశ్న: సార్, బంకులో "సెల్‌ఫోన్ వాడరాదు" అని బోర్డు ఉంటుంది. దాని కిందే క్యూఆర్ కోడ్ అంటించి "స్కాన్ చెయ్యి బ్రో" అంటారు. ఏది నమ్మాలి?
– ఇంజనీరింగ్ విద్యార్థి, తిరుపతి

జవాబు: భలే పట్టుకున్నావు నాయనా. నేను మేనేజరుగా ఉన్నప్పుడే మా బంకులో ఆ రెండూ ఒకే స్తంభం మీద ఉండేవి. నాకే నవ్వొచ్చేది.

సెల్‌ఫోన్ సిగ్నల్ వల్ల బంకులో మంట లేచిందని తేలిన సంఘటన ఒక్కటీ లేదు. అమెరికాలో పెట్రోలియం ఎక్విప్‌మెంట్ ఇన్‌స్టిట్యూట్ అని ఒక సంస్థ ఉంది. పెట్రోలు పోసుకునేటప్పుడు జరిగిన అగ్నిప్రమాదాల వివరాలు ఏళ్ల తరబడి సేకరించింది. వాటిలో ఫోను నేరం ఒక్కటీ రుజువు కాలేదు. తేలిన అసలు దొంగ స్టాటిక్ కరెంటు. అక్కడ ఎవరి బండికి వాళ్లే పోసుకుంటారు. గన్ను పెట్టేసి మళ్లీ కారెక్కి కూర్చుంటారు. సీటు మీద బట్టలు రాసుకుని ఒంట్లో కరెంటు చేరుతుంది. దిగొచ్చి గన్ను ముట్టుకోగానే వేలి చివర టిక్ మంటుంది. ట్యాంకు మూతి దగ్గర ఆవిరి ఉంటుంది కదా, దానికి ఆ టిక్ చాలు.

మన దగ్గర గన్ను పట్టేది బంకు అబ్బాయే గానీ, మూత తీసేది చాలాసార్లు బండి ఓనరే. ఫిబ్రవరి, మార్చి నెలల్లో గాలి పొడిగా ఉన్నప్పుడు కారు దిగి తలుపు ముట్టుకుంటే చురుక్కుమంటుంది చూడు, అదే ఇది. కాబట్టి దిగగానే మూతకు దూరంగా కారు ఇనుము మీద ఒకసారి చెయ్యి వెయ్యి. ఒంట్లో ఉన్నదంతా అక్కడే పోతుంది. ఆ తర్వాత మూత తియ్యి.

అలాగని ఫోను పుణ్యాత్మురాలని నేను అనను. రీల్స్ చూస్తూ నిలబడ్డవాడికి పెట్రోలు పొర్లుతున్నా తెలియదు. ముందుకు జరగమన్నా వినపడదు. పోయించుకోవడం అయ్యాక బండిని పక్కకు తోసి, అక్కడ స్కాన్ చెయ్యి. బోర్డు పెట్టినవాడిదీ కోడ్ అంటించినవాడిదీ ఇద్దరి మాటా నెగ్గుతుంది.

ప్రశ్న: సామీ, నాకు మూడెకరాల మామిడితోట. గడ్డి కోసే మిషన్‌కీ మందు కొట్టే మిషన్‌కీ పెట్రోలు కావాలి. వాటర్ బాటిల్ తీసుకుపోతే బంకువాళ్లు పొయ్యమంటున్నారు. ఊరి నుంచి బంకు ఎనిమిది కిలోమీటర్లు. మిషన్ నెత్తిన పెట్టుకుని పోవాల్నా? ఎట్లనో తెచ్చిన క్యాను వసారాలో పెడతా. దాంట్లో తప్పేమైనా ఉందా?
– ఒక రైతు, బంగారుపాళెం

జవాబు: కోపం న్యాయమే సామీ. కానీ ఈసారికి బంకువాడి పక్షాన మాట్లాడతాను.

మన దేశంలో పెట్రోలియం చట్టం 1934 నాటిది. అమ్మకానికి కాకుండా సొంతానికి 30 లీటర్ల దాకా పెట్రోలు ఉంచుకోవడానికి లైసెన్సు అక్కర్లేదని అందులోనే ఉంది. కాకపోతే దేంట్లో ఉంచాలో కూడా అదే చెప్పింది. గట్టి మూత ఉండాలి. గాజు, పింగాణీ పాత్రయితే లీటరు దాటకూడదు. ఇనుము లాంటి లోహపు డబ్బా అయితే 25 లీటర్లు దాటకూడదు. వాటర్ బాటిల్ ఈ లెక్కలో ఎక్కడా రాదు. దాని మూత తాగేనీళ్ల కోసం చేసింది, పెట్రోలు ఆవిరి ఒత్తిడికి అది ఆగదు. ఎండలో ఉబ్బుతుంది, మరలో నుంచి కారుతుంది. పైగా ప్లాస్టిక్ మీద చేరిన స్టాటిక్ కరెంటు నేలలోకి దిగదు. ఐదు లీటర్ల ఇనుప క్యాను ఒకటి కొనుక్కోండి. అడ్డం పడినా కారని మూత ఉండాలి. తోటకు మందు డబ్బాలు కొనే ఖర్చులో ఇదెంత?

క్యాను నింపేటప్పుడు దాన్ని ఆటోలోనో, బండి ఫుట్‌బోర్డు మీదనో, రబ్బరు మ్యాటు పరిచిన ట్రాలీలోనో పెట్టి నింపనివ్వొద్దు. నేల మీద పెట్టించండి. గన్ను మూతి క్యాను అంచుకు తగులుతూ ఉండాలి. అలా తగిలి ఉంటే పెట్రోలు పారేటప్పుడు పుట్టే కరెంటు గన్ను ద్వారా, పైపు ద్వారా భూమిలోకి పోతుంది. మెల్లగా పొయ్యమనండి. మూతి దాకా వద్దు.

ఇప్పుడు వసారా. మీ ఉత్తరంలో నన్ను ఆపిన మాట ఇదే. ఏటా ఏప్రిల్ 14 నుంచి 20 దాకా అగ్నిమాపక వారోత్సవాలు జరుపుతారు. 1944 ఏప్రిల్ 14న బొంబాయి రేవులో ఓడ పేలిపోయి, మంటలార్పడానికి పోయిన ఫైర్‌మెన్లు ఎంతోమంది చనిపోయారు. వాళ్ల జ్ఞాపకంగా ఆ వారం. ఒక ఏడాది ఫైర్ స్టేషన్‌వాళ్లు మా బంకుకు వచ్చి ఒక తమాషా చూపించారు. ఆరడుగుల రేకును కాలువలాగా మడిచి ఏటవాలుగా నిలబెట్టారు. కింది చివర ఒక కొవ్వొత్తి వెలిగించారు. పై చివర పెట్రోలులో తడిపిన గుడ్డపేలిక పెట్టారు. ఒక్క చుక్క కూడా కిందికి కారలేదు. మేమంతా గుడ్డ వైపే చూస్తున్నాం. కాసేపటికి కొవ్వొత్తి దగ్గర నీలంగా మంట మెరిసి, రేకు వెంబడి పైకి పాకి గుడ్డను అంటుకుంది. కొత్తగా చేరిన మా కుర్రాడొకడు "అమ్మో" అని వెనక్కి దూకి డ్రైవరు కాలు తొక్కాడు.

మీ వసారా ఆ రేకు అనుకోండి. సాయంత్రం ఇంట్లో దేవుడి ముందు దీపం పెడతారు, వంటింట్లో పొయ్యి వెలుగుతుంది. వసారాలో మూత వదులైన క్యాను నుంచి ఆవిరి గడప దాటి లోపలికి జారడానికి ఎంతసేపు? ఇంటికి ఆనుకోని షెడ్డులో, నీడలో, పిల్లలకు అందనిచోట పెట్టండి. షెడ్డులో మోటారు స్టార్టరు ఉంటే దానికి దూరంగా.

ఇంకొకటి. గడ్డి మిషన్‌లో పెట్రోలు అయిపోగానే అక్కడే వేడివేడిగా పోసేయకండి. ఆపి, పది నిమిషాలు చెట్టు కింద కూర్చోండి. వక్కాకు వేసుకోండి, బీడీ మాత్రం వద్దు. పోశాక మిషన్‌ను అక్కడి నుంచి ఓ పది అడుగులు దూరం తీసుకుపోయి స్టార్ట్ చేయండి.

ప్రశ్న: ఎండాకాలంలో ఫుల్ ట్యాంక్ చేయిస్తే పేలిపోతుందని వాట్సాప్‌లో వచ్చింది. ఇండియన్ ఆయిల్ చెప్పిందట. నిజమేనా?
– ఎం.ఆర్. పల్లి, తిరుపతి

జవాబు: ఇండియన్ ఆయిల్ చెప్పింది దీనికి తలకిందులు. అది అబద్ధమనీ, కంపెనీ చెప్పిన గరిష్ఠ కొలత దాకా ఏ కాలంలోనైనా నింపుకోవచ్చనీ చెప్పింది. ఏటా ఎండలతో పాటు ఆ మెసేజూ వస్తుంది.

పెట్రోలు వేడికి వ్యాకోచించడం మాత్రం నిజం. 40 లీటర్లు 15 డిగ్రీలు వేడెక్కితే అర లీటరు పైచిలుకు పెరుగుతుంది. ట్యాంకు తయారుచేసినవాడు అందుకు చోటు వదిలే చేస్తాడు. ఆ చోటును మనం తినేస్తున్నాం, అదే తంటా. గన్ను "టక్" మని ఆగాక కూడా "ఇంకో ఇరవై పట్టించు, రౌండ్ ఫిగర్ చెయ్యి" అంటారు చూడండి, అక్కడే పొర్లేది. కొత్త బళ్లలో ఆవిరిని పట్టే బొగ్గు డబ్బా ఒకటి ఉంటుంది. ఎక్కువ పోస్తే పెట్రోలు అందులోకి పోయి అది కూడా పాడవుతుంది. మొదటి టక్కుకు ఆపేయండి. చిల్లర లెక్క ఫోనులో సరిపోతుంది.

ప్రశ్న: డీజిల్‌లో అగ్గిపుల్ల వేసినా అంటుకోదని మా డ్రైవర్ పందెం కాస్తానంటున్నాడు.
– పలమనేరు

జవాబు: పందెం వద్దు. డీజిల్ కనీసం 35 డిగ్రీల దాకా అంటుకునే ఆవిరి వదలకూడదని మన ప్రమాణం. మే నెలలో మధ్యాహ్నం మీ లారీ ట్యాంకు ఇనుము మీద చెయ్యి పెట్టి చూడమనండి, ముప్పై ఐదు ఎప్పుడో దాటి ఉంటుంది.

ప్రశ్న: నమస్తే అన్నా. నాది పులికాట్‌లో టూరిస్టులను తిప్పే బోటు. పెట్రోలు ఇంజన్. సీజన్‌లో జనం ఎక్కువై, వాళ్లను కూర్చోబెట్టుకునే క్యానుతో పోసేస్తుంటాం. కార్లకు చెప్పే జాగ్రత్తలే బోటుకూ సరిపోతాయా, వేరే ఏమైనా ఉన్నాయా?
– తడ మండలం, తిరుపతి జిల్లా

జవాబు: ఈ ఉత్తరం వచ్చినందుకు నాకు సంతోషం, చదివాక భయం. సూళ్లూరుపేటలో మా బావమరిది ఉన్నాడు. సంక్రాంతికి పోయినప్పుడల్లా భీమునివారిపాళెం తీసుకుపోతాడు. ఫ్లెమింగోలను చూడ్డానికి వచ్చే జనం, ఇరకం దీవికి పోయే ఊరివాళ్లు, అందరూ ఒకే రేవులో. నా కళ్లు మాత్రం పక్షుల కంటే క్యాన్ల మీదే ఉంటాయి. నా భార్య దీనికి తిడుతుంది.

కారుకూ బోటుకూ తేడా ఒక్క మాటలో చెప్తాను. కారు కింద ఖాళీ. పెట్రోలు ఒలికితే ఆవిరి నేల మీద పాకి గాలికి చెదిరిపోతుంది. బోటు ఒక పెద్ద గంగాళం. నాలుగు పక్కలా గోడలు. బరువైన ఆవిరి అడుగుకు దిగి, పలకల కింద నీళ్లు చేరే చోట కూర్చుంటుంది. పైన గాలి ఎంత వీచినా దానికి తగలదు. నువ్వు నిలబడి వాసన చూస్తే ఏమీ రాదు. తాడు లాగి ఇంజన్ స్టార్ట్ చేస్తావు, లేదా అడుగు నీళ్లు తోడే మోటారు స్విచ్ వేస్తావు. గంగాళం నిండా ఉన్నది ఒక్కసారిగా అంటుకుంటుంది. ఆ గంగాళంలో పదిమంది కూర్చుని ఉంటారు తమ్ముడూ. బంకులో అయితే పరిగెత్తడానికి రోడ్డుంది. లోపల పిల్లలను పెట్టుకుని నువ్వెక్కడికి పరిగెత్తుతావు?

కాబట్టి జనం ఎక్కాక పొయ్యడం అనేదే మానెయ్. ముందు పెట్రోలు, తర్వాత జనం. రేవులో ఎంతమంది అరుస్తున్నా సరే.

నీ బోటులో విడిగా ఎత్తగలిగే ట్యాంకు ఉంటే దాన్ని పైపు తీసేసి గట్టు మీదికి తీసుకొచ్చి, నేల మీద పెట్టి నింపు. ఒలికినా గట్టు మీదే ఒలుకుతుంది. గరాటు వాడితే లోహపుది వాడు, అది క్యానుకూ ట్యాంకుకూ తగిలి ఉండేలా పట్టుకో. ప్లాస్టిక్ గరాటు వద్దు. ట్యాంకు కదలనిది అయితే ముందు ఇంజన్, బ్యాటరీ స్విచ్చులు, వంట చేసుకునే స్టవ్వు ఏదైనా ఉంటే అదీ ఆపు. పెట్టెల మూతలు, తలుపులు మూసెయ్, ఆవిరి లోపలికి పోకుండా. పదో వంతు ఖాళీ ఉంచు. నీళ్ల మీద ఎండకు ట్యాంకు వేడెక్కి పొర్లితే అది గంగాళంలోకే పొర్లుతుంది.

పోయడం అయ్యాక మూసినవన్నీ తెరువు. లోపల గాలి తోలే ఫ్యాను ఉంటే కనీసం నాలుగు నిమిషాలు తిప్పు. ఆ తర్వాత మోకాళ్ల మీద వంగి, అడుగు పలక తీసి వాసన చూడు. ఫ్యాను కంటే నీ ముక్కే నమ్మకమైనది. వాసన వస్తే స్టార్ట్ చేయొద్దు, ఎవరినీ ఎక్కించొద్దు. ఒలికినదాన్ని గుడ్డతో తుడువు. ఆ గుడ్డను బోటు పెట్టెలో దాచకుండా గట్టు మీద విడిగా ఆరబెట్టు. సబ్బునీళ్లు పోసి సరస్సులోకి తోడేసేవాళ్లను చూశాను. పెట్రోలు నీళ్ల మీద తేలుతుంది, తేలుతూ కూడా మండుతుంది. పైగా ఆ నీళ్లలోని చేపలూ, వాటి మీద బతికే పక్షులూ ఉంటేనే కదా నీకు సీజన్.

సరస్సు మధ్యలో పెట్రోలు అయిపోతే? అయిపోకుండా చూసుకోవడమే జవాబు. పోవడానికి మూడో వంతు, రావడానికి మూడో వంతు, మిగిలినది మిగిలినట్టే ఉండాలి.

ప్రశ్న: పోస్తుండగా మంట వస్తే మొదట ఏం చేయాలి?
– ఇద్దరు పాఠకులు అడిగారు, శ్రీకాళహస్తి, పుత్తూరు

జవాబు: గన్ను బయటికి లాగకండి. పైన చెప్తానన్న నా తెలివితక్కువ పని ఇదే. 1993లో మంట చూసి బెదిరి, గన్ను మీట నొక్కి పట్టుకునే బయటికి లాగేశాను. గన్నులోంచి వస్తున్న పెట్రోలు నా చేతి మీద, నేల మీద చిమ్మింది. ట్యాంకు మూతి దగ్గర దీపంలా వెలుగుతున్న మంట గజం వెడల్పు అయింది. మీట వదిలేసి, గన్నును ట్యాంకులోనే ఉంచి, వెనక్కి నడిచి ఉంటే నా చెయ్యి మామూలుగా ఉండేది. ట్యాంకు లోపల పేలుతుందని భయపడతారు. నిండుగా ఉన్న ట్యాంకులో ఆవిరి చిక్కగా ఉంటుంది, గాలి చాలదు. గాలిలో ఆవిరి నూటికి ఒకటిన్నర పాళ్ల నుంచి ఏడున్నర దాకా ఉన్నప్పుడే అది అంటుకుంటుంది. అందుకే మంట మూతి దగ్గర, గాలి తగిలేచోట ఉంటుంది.

మీరు అరవండి, దూరం జరగండి. బండిని తోసుకుపోవాలని చూడొద్దు. ఎమర్జెన్సీ స్విచ్ నొక్కడం, పౌడరు సిలిండరు తీయడం బంకువాళ్ల పని, వాళ్లకు అందులో శిక్షణ ఉంటుంది. నీళ్లు పొయ్యొద్దు, పెట్రోలు నీళ్ల మీదెక్కి మంటను మోసుకుపోతుంది. 101కి గానీ 112కి గానీ ఫోన్ చేయండి. ఆ ఫోను మాత్రం దూరంగా పోయే చేయండి.

ఒంటి మీద బట్టలు అంటుకుంటే పరిగెత్తొద్దు, నేల మీద పడి దొర్లాలి. మంట ఆరాక కాలినచోట ఇరవై నిమిషాలు కుళాయి నీళ్లు పారనివ్వండి. ఇంకు, పసుపు, పేస్టు, ఏదీ పూయొద్దు. నాకు ఎవరో ఇంకు పోశారు. ఆస్పత్రిలో దాన్ని కడిగేటప్పుడు పడిన బాధ కాలినప్పుడు కూడా పడలేదు. మంట లేకుండా బట్టల మీద పెట్రోలు ఒలికిందా? గబుక్కున చొక్కా విప్పొద్దు, విప్పేటప్పుడు పుట్టే స్టాటిక్ కూడా నిప్పే. ముందు నీళ్లతో తడిపి, తర్వాత విప్పండి.

ప్రశ్న: సీఎన్‌జీ కొట్టించేటప్పుడు కూడా ఆటోలోంచి దింపుతున్నారు. అదీ కిందికే పాకుతుందా?
– ఆటో డ్రైవరు, కొర్లగుంట

జవాబు: లేదు, అది గాలి కంటే తేలిక, లీకైతే పైకి పోతుంది. దింపేది ఒత్తిడి కోసం. సిలిండరులోకి 200 బార్ దగ్గర ఎక్కిస్తారు. లారీ టైరులో గాలికి అది ఇరవై రెట్ల పైమాట. మూడేళ్లకోసారి సిలిండరు టెస్ట్ చేయించాలి. మీ ప్లేటు మీద తేదీ చూసుకోండి.

ప్రశ్న: మీరు ఫలానా బంకులో పనిచేశారని ఫోటో చూసి గుర్తుపట్టాను. పదిహేనేళ్ల కిందట నా భార్య ముందే "ఇంజన్ ఆపితే చస్తావా" అని నన్ను తిట్టారు. అది మర్యాదేనా?
– బైరాగిపట్టెడ, తిరుపతి

జవాబు: తిట్టే ఉంటాను. అమ్మగారికి నా క్షమాపణలు చెప్పండి. ఇంతకీ ఆ రోజు ఇంజన్ ఆపారా, లేదా? మీరు ఆ సంగతి రాయలేదు.